నెమత్‌కు మోగే గంట

ఎనభై ఒకటో ఏట కళ్ళద్దాలు లేకుండా సూదిలోకి దారం ఎక్కించేవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. దవడపళ్ళు రెండు తప్ప నోట్లో పళ్ళన్నీ నావే. కాషాన్ ఎగువన కొండకింది పల్లెలకు నేలలోపలి కాలువలు తవ్విన పనివాళ్ళలో ఇంకా తన కాళ్ళమీద తిరుగుతున్నది ఈ జబీహ్ ఒక్కడే. అందుకే పిల్లాపెద్దా నన్ను ఓస్తా, అంటే మేస్త్రీ, అని పిలుస్తారు. కాలువకు మొదలైన పైకొండ తల్లిబావి కూలినప్పుడు మట్టిలో కూరుకుపోయిన ఇద్దరిని ఒకరి తరవాత ఒకరిని భుజాన వేసుకుని పైకి తెచ్చాను. నతంజ్ ఊరి పహిల్వానులు మేం కసరత్తు చేసే తాలింఖానాకు వచ్చిన ఏడు గొలుసులు కట్టిన ఇనప విల్లు నెత్తిమీద ఆడించి వాళ్ళ పెద్దకు చెమటలు పట్టించాను. చదువంటారా, పల్లె మక్తబ్‌లో ఖురాను, కూడికలు, తీసివేతలు, ఉత్తరం రాయడం. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను.

గొప్పలు చెప్పుకుంటున్నాడని అనుకుంటే అనుకోండి. ఉన్నవే చెప్పాను. ఈ ఒంటిని ఇన్నాళ్ళు నిలబెట్టింది నా పట్టుదలేనని మొన్నమొన్నటిదాకా నమ్మాను. అందులో ఇంకొకడి చెయ్యి ఉందని తెలిశాక, వాడి సంగతి వదిలేసి నా సంగతి ఒక్కటే చెప్పుకుంటే నోరు చేదెక్కుతుంది. ఆ చేతికి గోళ్ళు నీలం.

నెమత్‌ది ఉన్నికి రంగులు వేసే ఇల్లు. తివాచీలు నేసే ఆడవాళ్ళు తెల్ల ఉన్ని ఇచ్చిపోతే వాళ్ళ నాన్న మంజిష్ఠతో ఎరుపు, దానిమ్మతొక్కతో పసుపు ఎక్కించేవాడు. నీలిమందు కుండ నెమత్ వంతు. చిన్నతనం నుంచీ వాడికి మోచేతులదాకా నీలమే. మక్తబ్‌లో మొదటిరోజున ముల్లా ఆ చేతులు చూసి, ఖురాను ముట్టే చేతులు ఇలాగేనా ఉండేది, పోయి కడుక్కురా అని బయటికి పంపాడు. వాడు వెళ్ళి కాలువలో ఇసకతో తోముకుని వచ్చి సలాం చెప్పాడు. అదే నీలం. ముల్లా మళ్ళీ పంపాడు. వాడు మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ సలాం. ఎదురుమాట లేదు, మొహంలో విసుగు లేదు. చివరికి ముల్లాకే నవ్వొచ్చి కూర్చోమన్నాడు. ఆ పక్కన కూర్చున్నది నేను. అప్పటినుంచి వాడి పక్కనే ఉన్నాను.

మా తాలింఖానా బజారు వెనక, నేలకు దిగువన ఉంటుంది. తలుపు పొట్టిది. ఎంతటివాడైనా తల వంచే లోపలికి రావాలి. మెట్లు దిగితే ఎనిమిది మూలల గుంట. గుంటకు ఎదురుగా ఎత్తు గద్దె. ఆ గద్దె మీద కూర్చుని మట్టిడోలు వాయిస్తూ పద్యాలు పాడుతూ కసరత్తు నడిపేవాడు మొర్షెద్. ఆ గద్దె నెమత్ వాళ్ళ నాన్నది, ఆయన పోయాక వాడికి వచ్చింది. తెల్లవారుజాము నమాజు కాగానే కుంపటి దగ్గర డోలు చర్మం వెచ్చజేసుకుని కూర్చునేవాడు. మేం లుంగీలు బిగించి, నేల తాకి వేళ్ళు కళ్ళకద్దుకుని గుంటలోకి దిగేవాళ్ళం. దండీలు, బస్కీలు అయ్యాక చెక్క గదలు. మోకాలెత్తు గదలు రెండు భుజాలమీద, డోలు దరువుకు ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు.

గుంటలో కొన్ని మర్యాదలున్నాయి. అందరికన్నా పెద్దవాడు గదలు దించేదాకా చిన్నవాడు దించడు. డోలు ఆగేదాకా పెద్దవాడు దించడు. కసరత్తు మధ్యలో పెద్దమనిషి ఎవరైనా ఆ పొట్టితలుపులో తల వంచితే మొర్షెద్ వాయిస్తున్నది ఏదైనా సరే అక్కడికి తుంచేసి, నెత్తిమీద వేలాడే గంట కొట్టాలి. అందరూ చేతిలోవి కింద పెట్టి ప్రవక్త పేర సలవాత్ చదవాలి. ఇంకొకటి. డోలు ఒకరికి అప్పగించిన మొర్షెద్ మళ్ళీ ఆ డోలు ముట్టడు, ఆ గంట గొలుసు ముట్టడు. మా తాతలనాటి నుంచీ ఇదే.

మాలాంటి ముసలివాళ్ళకు ఆ గుంట ఏమిటో బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఎవరి వైద్యం వాళ్ళకుంది. మా ఆవిడ తూబా పెరుగు చలవ చేస్తుందంటుంది, అక్రోటు వేడి చేస్తుందంటుంది, ఒంట్లో ఏది తేడా వచ్చినా పటికబెల్లం వేసిన వేడినీళ్ళు తాగిస్తుంది. ఆసుపత్రి డాక్టరమ్మ నడవమంటుంది, ఉప్పు తగ్గించమంటుంది. రెండూ వింటాను. కానీ నా నమ్మకం వేరు. కంచరగాడిదలు తోలే సఫర్‌ను కొడుకులు ఇంకెందుకు నాన్నా ఈ కసరత్తు, హాయిగా కూర్చో అని కుర్చీలో కూర్చోబెట్టారు. రాయిలాంటి మనిషి. కూర్చున్న ఏడే మంచం పట్టాడు, వసంతానికి గులాబీ పన్నీరు బట్టీలు వెలిగించే వేళకు లేడు. గుంట దిగడం మానినవాడిని మన్ను పిలుస్తుందని మా ముసలివాళ్ళం అనుకునేవాళ్ళం. అందుకే గుంటలో పెద్దవాణ్ణి నేనైన నాటినుంచి నాకు ఒకటే పంతం. నలభయ్యో ఏట ఎంతసేపు గదలు ఆడించానో ఇప్పుడూ అంతసేపూ ఆడించాలి. ఆడించాను కూడా. డోలు ఆగకముందు నా గదలు దిగడం ఎవరూ చూడలేదు.

తూబా మాత్రం లెక్కచేసేది కాదు. "గదలు మోసే చేత్తో కాస్త బజారు సంచీ కూడా మోస్తే ఇంకో పదేళ్ళు బతుకుతావయ్యా" అనేది.

నెమత్ మణికట్లు వాయడం మొదలైంది. వేళ్ళు ముడుచుకుపోయి పొద్దున్నే రొట్టె తుంచడానికి కూడా కష్టపడేవాడు. డాక్టరమ్మ గట్టిగానే చెప్పిందట, డోలు మానకపోతే ఆ వేళ్ళు ఇక తెరుచుకోవని. వాడు మానలేదు. పోనీ గద్దె ఎక్కేవాడు లేడా అంటే ఉన్నాడు. వాడి అన్న కొడుకు పెయ్‌మాన్. ముప్ఫై దాటినవాడు, మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. ఇస్ఫహాన్‌లో పెద్ద మొర్షెద్‌ల దగ్గర నేర్చుకుని పోటీలో బహుమతి కూడా తెచ్చాడు. వాడు వాయిస్తే గోడలకు ప్రాణం వచ్చినట్టుంటుంది. అయినా రెండు చలికాలాలు నెమత్ చేతులకు గొర్రెకొవ్వు రాసుకుని, గుడ్డ చుట్టుకుని గద్దె ఎక్కుతూనే ఉన్నాడు.

ముసలాడికి గద్దె మీద ఆశ చావలేదని టీకొట్టులో అనేవాళ్ళు. నాకూ కోపం వచ్చేది. ఒకరోజు అడిగేశాను.

"కుర్రాడి చేతికి ఇచ్చెయ్యరాదా? ఇంకా ఎందుకు లాగుతావు?"

"వాడి చెయ్యి ఇంకా పచ్చిదిరా."

"పచ్చిదా? ఇస్ఫహాన్‌లో బహుమతి తెచ్చినవాడిది పచ్చిదా?"

"అందుకే" అన్నాడు. మళ్ళీ ఎంత గుచ్చినా నోరు విప్పలేదు.

గులాబీలు విచ్చే రోజుల్లో ఒక పొద్దున డోలు వాడి ఒళ్ళోంచి జారింది. పగలలేదు. పెయ్‌మాన్ చాపిన చేతుల్లో పడింది. నెమత్ దాన్ని చూశాడు, పెయ్‌మాన్‌ను చూశాడు, గుంటలో ఉన్న నన్ను చూశాడు. "ఇక నీదేరా నాన్నా" అని గద్దె దిగి, గుంట ఒడ్డున ముసలివాళ్ళు కూర్చునే బల్లమీద కూర్చున్నాడు. మర్నాడు పెయ్‌మాన్ గద్దె ఎక్కాడు.

ఆ పొద్దును ఉన్నదున్నట్టు రాస్తాను. దండీలు బాగానే అయ్యాయి. గదలు ఎత్తుకున్నాం. డోలు మొదలైంది. ఎంత వాయింపు అనుకున్నారు. కుర్రాళ్ళ ఒళ్ళు తేలిపోయింది. నేనూ సాగాను. సగం అయ్యేసరికి భుజంలో నిప్పు రాజుకుంది. ఎప్పుడూ లేనిది ఇదేమిటా అనుకున్నాను, రాత్రి తిన్న వంకాయ పడలేదేమో అనుకున్నాను. డోలు తగ్గలేదు. పెయ్‌మాన్ చూపు నామీదే ఉంది. పెద్దాయన దించకముందు డోలు ఆపితే ఆయన్ని చాలించమన్నట్టు ఉంటుందని వాడి మర్యాద. డోలు ఆగకముందు దించితే పెద్దరికం ఏమయిందని నా మర్యాద. వాడు నాకోసం వాయిస్తున్నాడు, నేను వాడికోసం ఆడిస్తున్నాను. కుర్రాళ్ళు మా ఇద్దరి మధ్య చిక్కుకుని ఆడిస్తున్నారు. బావి అడుగున గాలి చెడిపోతే దీపం ముందు నీలంగా మారి, తరవాత చిన్నదై, తరవాత వత్తి ఒక్కటే ఎర్రగా మిగులుతుంది. నా కళ్ళముందు లోకం అలా చిన్నదవుతూ వచ్చింది.

బల్లమీంచి నెమత్ లేవడం ఆ ఎర్రవత్తి వెలుగులో చూశాను. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మెట్లెక్కి, తల వంచి తలుపు దాటి బయటికి పోయాడు. ఒంటికి వెళ్ళాడేమో అనుకున్నాను. ఇంతలోనే అదే తలుపులో వాడి టోపీ కనబడింది. తల వంచుకుని లోపలికి వచ్చాడు.

"యా అలీ" అన్నాడు గుమ్మంలో నిలబడి.

యాభై ఏళ్ళు గద్దెమీద కూర్చున్న పెద్దమనిషి గుమ్మంలో నిలబడితే మొర్షెద్ ఏం చేస్తాడు. పెయ్‌మాన్ దరువు తుంచి గంట కొట్టాడు. సలవాత్ చదివాం. గదలు దించాం. నెమత్ మెట్లు దిగి వచ్చి, ఆ పొద్దుకు ఇప్పుడే వస్తున్నట్టు అందరికీ సలాం చెప్పి బల్లమీద కూర్చున్నాడు.

కుర్రాళ్ళు నవ్వు ఆపుకున్నారు. పెద్దాయనకు మతి తప్పుతోందని ఒకడు గొణిగాడు. నాకు నవ్వు రాలేదు. ఊపిరి అందితే చాలు అన్నట్టుంది.

మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడు కూడా. గదలు సగం దాటాక వాడు లేస్తాడు, మెట్లెక్కుతాడు, బయటికి పోతాడు, తిరిగి వస్తాడు. గంట మోగుతుంది. ఊళ్ళో ఇక చెప్పాలా. డోలు ఇచ్చేశాడు గానీ గంట మీద మోజు తీరలేదట అన్నాడు రొట్టెలు కాల్చేవాడు. పెళ్ళికొడుకు రోజూ పల్లకీ దిగుతున్నాడు అన్నాడు టీకొట్టువాడు. వాడి ముందే అనేవాళ్ళు. నెమత్ టీ తాగి, గ్లాసు బోర్లించి, అందరికీ సలాం చెప్పి వెళ్ళిపోయేవాడు. మక్తబ్‌లో ముల్లాకు చెప్పినట్టే.

తాలింఖానా బాగోగులు చూసే పెద్దలకు ఇది నచ్చలేదు. కసరత్తు మధ్యలో రోజూ తెగిపోతోంది, బయటి ఊరి పహిల్వానులు వస్తే పరువేం కాను అన్నారు. ఆయన బల్లమీద కదలకుండా కూర్చోవాలి, లేదా ఇంటిదగ్గరే ఉండాలి అని తేల్చి, ఆ మాట చెప్పడానికి గుంటలో పెద్దవాణ్ణీ చిన్ననాటి నేస్తాన్నీ అని నన్నే పంపారు. నేనూ ఒప్పుకున్నాను. నేస్తం నవ్వులపాలు అవుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

వెళ్ళేసరికి వాడు పెరట్లో ఉన్నాడు. రంగుల పని ఎప్పుడో ఆగిపోయింది. పాత రాగి కాగులు గోడవారన బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పెద్దల మాట చెప్పాను. మెల్లగానే చెప్పాను.

"సరే" అన్నాడు. "రేపటినుంచి లేవను. అయితే నువ్వూ రేపటినుంచి రాకు."

"నేనెందుకు మానాలి?"

వాడు పక్కనున్న కాగు మీద మడతపడ్డ వేళ్ళతో, కణుపులతో దరువు మొదలుపెట్టాడు. గదల దరువు. చకచకా సాగింది. పెయ్‌మాన్ వాయించేది ఇదే కదా అనుకున్నాను.

"ఇది నీ నలభయ్యో ఏట నేను వాయించింది" అన్నాడు. కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. అదే దరువు, అదే పద్యం నడక. కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య మనిషి ఊపిరి పీల్చి వదిలేంత ఖాళీ. "ఇది నిరుటిది."

ఎండలో నాకు చలి వేసింది. బావిలో లోతు తెలియక కాలు పెట్టినట్టయింది. ఎప్పటినుంచి అని అడిగాను.

"తల్లిబావి కూలి నీ పక్కటెముకలు విరిగినప్పటినుంచి. ఏడాదికింత తగ్గించుకుంటూ వచ్చాను. ఎవరికీ తెలీదు. కుర్రాళ్ళకూ నీ వయసు దరువే అలవాటైపోయింది."

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే దించేవాడివా?"

"దించేవాణ్ణి కాదు."

"మరి?"

పెయ్‌మాన్‌కైనా చెప్పలేదేమని అడిగాను. చెబితే వాడు తగ్గించేవాడే, కానీ ముసలాయన కోసం తగ్గిస్తున్నానని వాడి మొహంలో కనబడుతుంది, నువ్వు అది చూస్తావు, ఆ పూటే గుంట ఎక్కేస్తావు, ఎక్కితే సఫర్ దారే అన్నాడు. డోలు మీద చెయ్యి వెయ్యకూడదు, గంట గొలుసు ముట్టకూడదు. ఇక నెమత్‌కు మిగిలింది ఆ పొట్టితలుపు ఒక్కటే. ఆ మోకాళ్ళతో ఆ మెట్లు.

నా భుజబలం గురించి ఊళ్ళో నేను చెప్పుకున్న మాటలన్నీ ఆ కాగుల చుట్టూ ఈగల్లా తిరిగాయి. చివరికి వాడి చేతులు నా ఒళ్ళోకి తీసుకుని కాసేపు ఒత్తాను. గోళ్ళ మొదళ్ళలో ఇంకా నీలం ఉంది. వాడు కళ్ళు మూసుకుని, "గట్టిగా ఒత్తకురా, ఇవి గదలు కావు" అన్నాడు.

పెద్దల దగ్గరికి తిరిగి వెళ్ళి ఒకటే మాట చెప్పాను. నెమత్ లేస్తాడు, వెళ్తాడు, వస్తాడు. వచ్చినప్పుడు గంట కొట్టాలి. నేను గుంటలో పెద్దవాణ్ణిగా ఉన్నంతకాలం ఇది ఇంతే. ఎందుకని అడిగారు. నా మాట చాలదా అన్నాను. ఇంకొకడు అంటే ఊరుకునేవాళ్ళు కారు. ఇద్దరిని మట్టిలోంచి మోసుకొచ్చినవాడి మాట కనుక ఊరుకున్నారు. ఇద్దరు ముసలాళ్ళకూ ఒకేసారి మతిపోయిందని టీకొట్టులో అనుకున్నారు. అననిచ్చాను.

మరి నేను గదలు ముందుగా దించొచ్చు కదా అని మీరు అడగొచ్చు. తూబా కూడా అడిగింది. ప్రయత్నించాను. చెయ్యి దిగదు. అంతకన్నా ఏం చెప్పను.

వేసవి అలా గడిచింది. దానిమ్మలు పగిలే కాలమూ గడిచింది. రోజూ వాడు లేవడం, నేను వాడి టోపీ కోసం తలుపు వైపు ఓరగా చూడటం, గంట. మొదటి మంచు పడిన వారంలో వాడికి జ్వరం తగిలింది. రెండు పొద్దులు రాలేదు. ఆ రెండు పొద్దులూ పెయ్‌మాన్ తనకే దగ్గు వచ్చిందని గదల దరువు మధ్యలో ఆపేశాడు. మూడో పొద్దున నెమత్ కూతురు వచ్చి తలుపు బయటే నిలబడి ఏడ్చింది.

కొండవాలు మీద మన్ను గడ్డకట్టి ఉంది. గోరీ తవ్వడానికి కుర్రాళ్ళు పలుగులు పట్టుకుంటే నేను ఒకటి లాక్కున్నాను. బతుకంతా నేల తవ్వినవాణ్ణి, వాడి చోటు ఇంకొకడు తవ్వడమేమిటి. కొంతసేపే తవ్వగలిగాను. తక్కినది కుర్రాళ్ళు తవ్వారు.

సంతాపం రోజులు తాలింఖానా మూసి, డోలు మీద నల్లగుడ్డ కప్పి ఉంచాం. తెరిచిన పొద్దున ఖర్జూరం, హల్వా పంచారు. బల్లమీద వాడి చోటులో ఎవరూ కూర్చోలేదు. గుంటలోకి దిగాం. దండీలు, బస్కీలు, తరవాత గదలు. పెయ్‌మాన్ వాయిస్తున్నాడు. సగం దాటింది. భుజంలో నిప్పు రాజుకుంది. అలవాటుగా తలుపు వైపు చూశాను. మంచు వెలుగు తప్ప ఏమీ లేదు. దీపం నీలంగా మారుతోంది.

డోలు తెగిపోయింది. గంట మోగింది.

పెయ్‌మాన్ ఖాళీ తలుపు వైపు చూస్తూ గద్దెమీంచి లేచి నిలబడ్డాడు. అందరూ తలుపు వైపు తిరిగారు. తరవాత ఎవరో సలవాత్ ఎత్తుకున్నారు. అందరం అందుకున్నాం. గదలు దించాం.

అందరూ బట్టలు మార్చుకుని వెళ్ళాక పెయ్‌మాన్ దగ్గరికి వెళ్ళాను. నీకెవరు చెప్పారని అడిగాను.

"ఎవరు చెప్పాలి ఓస్తా? గద్దె మీంచి తలుపు బయట కూడా కనిపిస్తుంది. బాబాయ్ బయటికెళ్ళి ఊరికే నిలబడేవాడు. మీ మోచెయ్యి ఎప్పుడు జారుతుందా అని చూసేవాడు. జారగానే లోపలికొచ్చేవాడు. వారం తిరక్కుండానే అర్థమైంది."

"అర్థమైతే డోలు తగ్గించలేదేం?"

వాడు డోలుకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాడు.

"తగ్గిస్తే ఆయన లేవనవసరం ఉండదు. లేవకపోతే ఆ మోకాళ్ళు బిగుసుకుపోతాయంది డాక్టరమ్మ. నడవమని ఎంత బతిమాలినా టీకొట్టు దాటి అడుగు వేసేవాడు కాదు. మీకోసమైతే రోజూ మెట్లెక్కి దిగేవాడు. మీకేం కానివ్వడని నాకు తెలుసు ఓస్తా. అందుకే వాయించాను."

నేను బల్లమీద కూర్చున్నాను. నెమత్ చోటులో కాదు, పక్కన.

నాకిప్పుడు ఎనభై ఒకటి. రోజూ గుంట దిగుతాను. గదల దరువు సగం దాటాక, ఎండైనా మంచైనా, పెయ్‌మాన్ డోలు తుంచి గంట కొడతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు తలుపు వైపు తిరిగి, ఎవరొచ్చారు అని అడుగుతారు. నెమత్ వచ్చాడు అని చెబుతాం. సలవాత్ చదివి గదలు దించుతాను. గంట మోగింది గనుక దించుతాను. లేకపోతే ఇంకాసేపు ఆడించగలను.